మడతలో ఉన్న పనితనం

వంటింట్లో గ్యాస్ బండను కాస్త ఊపితే లోపల ద్రవం కదులుతున్నట్టు చేతికి తెలుస్తుంది. అందులోని ప్రొపేన్, బ్యూటేన్ మామూలు వేడిలోనే కొద్దిపాటి ఒత్తిడికి లొంగి ద్రవమవుతాయి. సహజవాయువులో ముఖ్యభాగమైన మీథేన్ అలా లొంగే రకం కాదు. మైనస్ 82 డిగ్రీల సెల్సియస్ కన్నా వెచ్చగా ఉన్నంతసేపూ ఎంత ఒత్తినా అది ద్రవం కాదు. సీఎన్‌జీ ఆటో సిలిండర్లో దాదాపు 200 బార్ల ఒత్తిడిలోనూ అది వాయువుగానే ఉంటుంది. ఒత్తిడి పెంచకుండా మైనస్ 162 డిగ్రీల దాకా చల్లబరిస్తే మాత్రం తేట ద్రవమై, 600 ఘనపు మీటర్ల వాయువు ఒక్క ఘనపు మీటరులో ఇమిడిపోతుంది. అదే ఎల్‌ఎన్‌జీ.

చల్లబరచడానికి ముందు వాయువును శుభ్రం చేస్తారు. బొగ్గుపులుసు వాయువు, తేమ మిగిలితే గడ్డకట్టి గొట్టాలను మూసేస్తాయి. పాదరసం జాడ ఉన్నా అల్యూమినియం గొట్టాలను తినేస్తుంది. ఇవన్నీ తీసేశాకే శీతలీకరణ మొదలవుతుంది. నడిమి స్తంభం చుట్టూ దారపుకండెలా పొరలు పొరలుగా చుట్టిన సన్నటి అల్యూమినియం గొట్టాల్లో వాయువు పైకి పోతూ, వాటిమీద జారే శీతలద్రవానికి తన వేడినంతా అప్పగిస్తుంది.

అసలు చిక్కు ఆ తర్వాతే. అంత చలిలో మామూలు ఉక్కు గాజులా పెళుసుబారుతుంది. 1944లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో ఎల్‌ఎన్‌జీ ట్యాంకు పగిలి, మంటల్లో 130 మంది చనిపోయారు. ఆ ట్యాంకు ఉక్కులో పెళుసుదనాన్ని ఆపే నికెల్ 3.5 శాతమే. నేడు ఒడ్డున కట్టే ట్యాంకుల లోపలి గోడకు 9 శాతం నికెల్ ఉన్న ఉక్కు వాడతారు. మరి అలల మీద ఊగే ఓడలో?

ఫ్రెంచి సంస్థ జీటీటీ రూపొందించిన మార్క్ 3 ట్యాంకు పద్ధతిని దగ్గరగా చూద్దాం. ద్రవాన్ని నేరుగా తాకేది 1.2 మిల్లీమీటర్ల మందం ఉన్న స్టెయిన్‌లెస్ స్టీలు రేకు మాత్రమే. చలికి స్టీలు మీటరుకు దాదాపు 3 మిల్లీమీటర్లు కుదించుకుపోతుంది. 40 మీటర్ల ట్యాంకులో అది 10 సెంటీమీటర్లు దాటుతుంది. చదునైన రేకయితే బిగుసుకుని అతుకుల దగ్గర చిరిగిపోతుంది. అందుకని రేకు మీద నిలువునా అడ్డంగా ఉబ్బెత్తు మడతలు వేశారు. ఒక వరస ఎత్తుగా, రెండోది కాస్త తక్కువగా ఉంటుంది. రెండూ కలిసేచోట లోహం చిరగకుండా చిన్న ముడిలా ఒదుగుతుంది. చలి తగలగానే మడత విచ్చుకుని, కుదింపుకు కావలసినంత రేకును వదులుతుంది. వెచ్చబడితే మళ్లీ ముడుచుకుంటుంది. చలితో పెనుగులాడే బలం ఆ పలుచని రేకుకు లేదు, ఉండనక్కరా లేదు. దానికి ఒదగడం వచ్చు.

రేకు వెనక ప్లైవుడ్, దాని వెనక పాలీయూరిథేన్ నురుగు దిమ్మె. ఆ నురుగు మధ్యలో రెండో కాపలాగా, గాజునార బట్టల నడుమ అల్యూమినియం పొర. మళ్లీ నురుగు, మళ్లీ ప్లైవుడ్, చివరికి ఓడ గోడ. మొత్తం మందం సుమారు 27 సెంటీమీటర్లు. ఓడ గోడ ఎక్కడా అచ్చంగా చదునుగా ఉండదు కాబట్టి, దిమ్మెల వెనక జిగురుముద్దను తాళ్లలా పరిచి, ఎత్తుపల్లాలకు తగ్గట్టు సరిచేసి అతికిస్తారు. పొరల సందుల్లో నైట్రోజన్ నింపుతారు. అందులో మీథేన్ జాడ కనిపిస్తే ఎక్కడో కారుతోందని అర్థం. చుక్క కారకుండా చూసేది రేకు, చలిని ఆపేది నురుగు, బరువు మోసేది ఓడ. ఎవరి పని వారిదే.

ఇంత చేసినా వేడి కొంత లోపలికి చొరబడుతుంది. రోజుకు సరుకులో వెయ్యో వంతు లేదా కాస్త ఎక్కువ ఆవిరవుతుంది. ఎండాకాలం మట్టికుండలో ఊట ఆవిరై మిగతా నీళ్లను చల్లబరిచినట్టే, ఈ ఆవిరి తనతో వేడిని తీసుకుపోయి మిగతా ద్రవాన్ని చల్లగా ఉంచుతుంది. ఆ ఆవిరినే ఓడ ఇంజన్లు ఇంధనంగా వాడుకుంటాయి.

మన దేశానికి తొలి ఎల్‌ఎన్‌జీ ఓడ 2004లో ఖతార్ నుంచి గుజరాత్‌లోని దహేజ్‌కు వచ్చింది. మనం వాడే సహజవాయువులో దాదాపు సగం ఇప్పుడు ఇలా సముద్రం మీదుగానే వస్తోంది. టెర్మినల్‌లో పంపులతో ద్రవం ఒత్తిడి పెంచి, వెచ్చబరిచి వాయువుగా మారుస్తారు. అక్కణ్ణుంచి పైపుల్లో ఎరువుల కర్మాగారాలకూ, విద్యుత్ కేంద్రాలకూ, ఇళ్లకూ చేరుతుంది. దానికి సొంత వాసన లేదు కనుక, కారితే మనకు తెలియడానికి ఇళ్లకు పంపేముందు ఘాటైన వాసన కలుపుతారు.

సరుకు దించాక కూడా ఓడ ట్యాంకులను పూర్తిగా ఊడ్చేయరు. అడుగున కొంత ద్రవం ఉంచుకుంటారు. తిరుగు ప్రయాణంలో దాన్ని లోపలి గోడల మీద చిలకరిస్తూ ట్యాంకు చలి దిగిపోకుండా కాపాడుకుంటారు. లేకపోతే మళ్లీ నింపేముందు గంటల తరబడి మెల్లగా చల్లబరచాలి. గిన్నె అడుగున రేపటి పెరుగుకు తోడు ఉంచుకునే ఇల్లాలి ముందుచూపు అది. మైనస్ 162 డిగ్రీల దగ్గరా అదే పనిచేస్తోంది.