పదవికి దారి, పత్రానికి దారి

వాషింగ్టన్‌లో పొటోమాక్ నది ఒడ్డున జార్జిటౌన్ విశ్వవిద్యాలయం ఉంది. అక్కడి నుంచి పడమరగా 50 మైళ్లు పోతే వర్జీనియాలోని పర్సెల్‌విల్‌లో పాట్రిక్ హెన్రీ కళాశాల. మొదటిది 1789లో జాన్ కారల్ పునాది వేసిన కేథలిక్ సంస్థ, జెసూట్ గురువులు నడిపి పెంచినది. రెండోదాన్ని 2000లో మైకేల్ ఫారిస్ అనే న్యాయవాది నెలకొల్పారు. పిల్లల్ని బడికి పంపకుండా ఇంట్లోనే చదివించుకునే ప్రొటెస్టెంట్ కుటుంబాలే దాని తొలి అండ. ఒకటి మహా విశ్వవిద్యాలయం, మరొకటి కొన్ని వందల మంది విద్యార్థుల కళాశాల. ఐనా ఈ పోలికకు ఆధారం ఉంది. రెండూ క్రైస్తవ విశ్వాసాన్ని పునాదిగా చెప్పుకుంటాయి. రెండింటిలోనూ రాజకీయశాస్త్రం ‘గవర్నమెంట్’ పేరుతోనే నడుస్తుంది, పక్కనే చరిత్ర ఉంటుంది. రెండూ రాజధాని వైపు ముఖం పెట్టుకున్నవే.

పాట్రిక్ హెన్రీలో గవర్నమెంట్ చదివితే దారి సూటిగా ఉంటుంది. తరగతి గది చదువుతో పాటు ఎక్కడో ఒకచోట పనిచేసి నేర్చుకోవడం అక్కడి పద్ధతి. కాంగ్రెస్ సభ్యుడి కార్యాలయంలో ఫోన్లు ఎత్తడం, ఉత్తరాలకు జవాబులు రాయడం, ఆపైన ఒక బిల్లు బాధ్యత చూడటం, లేదా లా స్కూలుకు పోవడం... మెట్లన్నీ ముందే తెలిసినవి. నమూనా న్యాయస్థానాల వాదన పోటీల్లో ఆ చిన్న కళాశాల పెద్ద విశ్వవిద్యాలయాల్ని పదేపదే ఓడించింది. 2004లో వైట్‌హౌస్‌లో సుమారు 100 మంది ఇంటర్న్‌లుంటే అందులో ఏడుగురు ఇక్కడివాళ్లే. అప్పటికి కళాశాల వయసు నాలుగేళ్లు. విద్యార్థులు, అధ్యాపకులు విశ్వాస ప్రకటన మీద సంతకం పెట్టాలి. ప్రభుత్వం నుంచి పైసా తీసుకోరు. ప్రభుత్వంలోకి మాత్రం మనుషుల్ని పంపుతారు. వాళ్ల దృష్టిలో ఇందులో వైరుధ్యం లేదు: రాజ్యాన్ని మార్చాలంటే లోపలికి వెళ్లాలి, దానికి లోబడకూడదంటే డబ్బు ముట్టకూడదు.

జార్జిటౌన్ దారి ఇంతకన్నా పాతది, వెడల్పైనది. 1919లో ఎడ్మండ్ వాల్ష్ అనే జెసూట్ గురువు అక్కడ విదేశాంగ సేవా పాఠశాల పెట్టారు. నేటి అమెరికా విదేశాంగ సర్వీసు ఏర్పడింది 1924లో. అంటే ఉద్యోగం కంటే దానికి శిక్షణే ఐదేళ్లు ముందు పుట్టింది. 1968లో బిల్ క్లింటన్ ఈ పాఠశాల నుంచే పట్టా తీసుకున్నారు. ఇక్కడ చేరడానికి మతపరీక్ష ఏదీ లేదు. ముస్లిం విద్యార్థులకు ఇమామ్, హిందూ విద్యార్థులకు పూజారి విశ్వవిద్యాలయం తరఫునే ఉంటారు. రాజ్యాన్ని ఉన్నదున్నట్టుగా తీసుకుని, దాన్ని నేర్పుగా నడిపేవాళ్లను తయారుచేయడం ఇక్కడి ఆశయం.

ఈ రెండు ఆశయాల్లో ఏది మేలు? ఉద్యోగ జాబితాలు చూసి తేల్చేద్దామంటే రెండింటికీ దెబ్బ తగులుతుంది. ఇరాక్‌లో సామూహిక విధ్వంస ఆయుధాలున్నాయన్న తప్పు అంచనా వెలువడినప్పుడు సీఐఏ అధిపతిగా ఉన్న జార్జ్ టెనెట్ జార్జిటౌన్ పాఠశాల పట్టభద్రుడే. రాజ్యాన్ని నడిపే నేర్పు, దాన్ని నిలదీసే నేర్పు ఒకటి కావు. మరోవైపు, పాట్రిక్ హెన్రీ అంటే ఒకే అచ్చులో పోసిన మనుషులన్న అంచనా కూడా నిలవదు. అక్కడ చదివి 2020లో ట్రంప్ వైట్‌హౌస్‌లో ప్రచార బాధ్యతలు చూసిన అలిస్సా ఫారా గ్రిఫిన్, ఆ తర్వాత ఆయనను బాహాటంగా విమర్శించేవారిలో ఒకరయ్యారు. ఏ కుర్చీ దక్కిందన్నది చదువు విలువను కొలవదు. కుర్చీలో కూర్చున్నాక ఏం చేశారన్నదే కొలుస్తుంది. కళాశాలల గవర్నమెంట్ విభాగాల ప్రచారపత్రాల్లో మొదటిదే కనబడుతుంది.

చరిత్ర విద్యార్థి సంగతి వేరు. అతని ముందు మెట్లు వరుసగా ఉండవు. హైస్కూల్లో పాఠం చెప్పాలంటే సాధారణంగా ఆ రాష్ట్రం ఇచ్చే లైసెన్సు కావాలి, పత్రాలయంలో పనికి మరో మాస్టర్స్ కావాలి. మ్యూజియంలు, చారిత్రక స్థలాలు, పత్రికలు, లా స్కూలు ఎవరికి వారు వెతుక్కునే దారులు. అలా వెతుక్కున్నవారిలో ఒకరు ఆంటొనిన్ స్కేలియా. 1957లో జార్జిటౌన్‌లో చరిత్ర పట్టా పొంది, తర్వాత సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయ్యారు. రాజ్యాంగాన్ని రాసిన కాలంలో జనం దాన్నెలా అర్థం చేసుకున్నారో అలాగే చదవాలన్న వాదానికి ఆయన పెద్ద దిక్కు. ఆ వాదంతో ఏకీభవించినా లేకున్నా, పాత కాగితం చదివే తీరు నేటి చట్టాన్ని ఎటు తిప్పగలదో ఆయన తీర్పుల్లో కనిపిస్తుంది. చరిత్ర చదువు పనికిరాదనేవారికి ఇంతకన్నా వేరే జవాబు అక్కర్లేదు.

అసలు పరీక్ష సంస్థ సొంత ఇంటి కాగితాల దగ్గర వస్తుంది. 1838లో మేరీలాండ్ జెసూట్లు 272 మంది బానిసలను 1,15,000 డాలర్లకు లూసియానా తోటల యజమానులకు అమ్మారు. ఆ సొమ్ములో కొంత జార్జిటౌన్ అప్పులు తీర్చింది. ఆ రికార్డులు విశ్వవిద్యాలయ గ్రంథాలయంలోనే ఉన్నాయి. 1990ల్లోనే అక్కడి విద్యార్థులు, అధ్యాపకులు వాటిని వెబ్‌లో పెట్టారు. ఐనా 2015లో విద్యార్థులు నిరసనకు దిగేదాకా, అమ్మకాన్ని నడిపిన మల్లెడీ పేరు ఒక హాలు మీద అలాగే ఉంది. 2017లో విశ్వవిద్యాలయం, జెసూట్లు కలిసి వారసుల ముందు క్షమాపణ చెప్పారు. ఆ హాలుకు అమ్మకపు పత్రంలో మొదట కనిపించే ఐజాక్ హాకిన్స్ పేరు పెట్టారు. 2019లో ఆ వారసుల కోసం సెమిస్టరుకు 27.20 డాలర్ల రుసుము కట్టుకుంటామని విద్యార్థులే ఓటేశారు. ఇవేవీ ఏ ఉద్యోగ జాబితాలోకీ ఎక్కవు. కాని ఆ విశ్వవిద్యాలయం తన క్రైస్తవాన్ని తీవ్రంగా పరీక్షించుకున్నది ఇక్కడే.

పాట్రిక్ హెన్రీకీ ఇలాంటి కాగితం ఒకటుంది. ఆ పేరుగల స్వాతంత్ర్య యోధుడు 1784లో వర్జీనియా శాసనసభలో క్రైస్తవ బోధకుల పోషణకు జనం మీద పన్ను వేసే బిల్లుకు నాయకత్వం వహించాడు. జేమ్స్ మాడిసన్ దాన్ని ఎదిరించాడు. ప్రభుత్వ సొమ్ము మతాన్ని చెరుపుతుందని బాప్టిస్టులూ ఎదిరించారు. బిల్లు వీగిపోయింది. ఇదే హెన్రీ 1788లో రాజ్యాంగాన్ని ఆమోదించవద్దని కూడా గట్టిగా వాదించాడు. ప్రభుత్వ ధనం ముట్టని కళాశాలకు, రాజ్యాంగ వాదనల్లో కప్పులు గెలిచే కళాశాలకు ఆయన పేరుండటం మంచి చరిత్ర పాఠం. ఇలాంటి పాఠాన్ని చివరిదాకా నడపాలంటే అధ్యాపకుడికి వెసులుబాటు ఉండాలి. 2006లో, బైబిలుకు వెలుపలి గ్రంథాల్లో ఎంత సత్యం దొరుకుతుందన్న వివాదం ముదిరి, పూర్తికాల అధ్యాపకుల్లో దాదాపు మూడోవంతు మంది అక్కడి నుంచి తప్పుకున్నారు. ఆ కళాశాల బలహీనత ఇక్కడుంది. వాదించడం అద్భుతంగా నేర్పింది, తనతో వాదించేవారిని నిలుపుకోలేకపోయింది.

జార్జిటౌన్‌కు డబ్బుంది, పేరుంది, తప్పు ఒప్పుకున్నా కూలిపోని బలం ఉంది. చిన్న కళాశాలకు ఆ ధీమా ఉండదని కూడా న్యాయంగా ఒప్పుకోవాలి. పైగా ఇప్పుడు రెండు దారులూ ఇరుకైపోయాయి. 2025లో ఫెడరల్ నియామకాలు నిలిపేశారు, విదేశీ సహాయ సంస్థను మూసేశారు, మానవీయశాస్త్రాల గ్రాంట్లు పెద్ద ఎత్తున రద్దయ్యాయి. మెట్లు లెక్కపెట్టుకుని ఎక్కినవారికే ఈ దెబ్బ ముందు తగిలింది.

పర్సెల్‌విల్ ఉన్న లౌడన్ కౌంటీలోనే ఆష్‌బర్న్ వంటి చోట్ల తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. హిస్టరీ చదువుతానని పిల్ల అంటే, చదివి ఏమవుతావమ్మా అని అడగడం మనకు అలవాటు. అడగొద్దనను. ఆ ప్రశ్న కళాశాలను కూడా అడగాలి: నీ పట్టభద్రులు ఎక్కడ కూర్చున్నారు అని మాత్రమే కాదు, నీ ఇంటి కాగితాలు నీ విద్యార్థుల చేత చదివించావా అని. పదవికి దారి చూపడంలో పాట్రిక్ హెన్రీ తన సైజుకు మించి గెలిచింది. పత్రం చదివించడంలో, ఆలస్యంగానైనా, జార్జిటౌన్ గెలిచింది. రెండిట్లో ఒకటే ఎంచుకోమంటే నా ఓటు జార్జిటౌన్‌కే. అక్కడ చదివినవాళ్లు గొప్ప పదవులకు పోయారని కాదు. పోయినవారు ఏం చేశారో రేపు లెక్క తీయగలిగేవారినీ ఆ చోటే తయారుచేసింది.