ఆకాశానికో బటన్, నేలకో బటన్
తెర మీద నేల పైనుంచి కిందికి జారుతుంటే ఎగిరే ఓడను నడిపే ఆర్కేడ్ ఆటలు ఎన్నో వచ్చాయి. వాటిలో 1980ల తొలినాళ్లలో జపాన్ కంపెనీ నామ్‌కో తెచ్చిన 'జీవియస్' పనితనం చూస్తే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. దాని రూపకర్త మసనోబు ఎండో. మన ఓడ పేరు సోల్వలో. గాలిలో ఎగిరేవాటిని కాల్చడానికి ఒక బటన్, నేల మీది స్థావరాలపై బాంబు వేయడానికి ఇంకొకటి. ఓడకు కాస్త ముందు ఒక గురి గుర్తు ఎప్పుడూ కదులుతూ ఉంటుంది. స్థావరం దాని కిందికి రాగానే ఆ గుర్తు ఎర్రగా మెరుస్తుంది. వేసిన బాంబు నేలను చేరడానికి లిప్తపాటు పడుతుంది, ఆలోగా ఎదురొచ్చే తూటాలను తప్పించుకోవాలి. అంటే ఒక కన్ను నేల మీద, ఒక కన్ను ఆకాశం మీద! బకురా అనే పలకలు గిరగిరా తిరుగుతూ దిగుతాయి. వాటిని కాల్చి లాభం లేదు, పక్కకు జరగాల్సిందే. ఏమీ లేదనుకున్న చోట బాంబు పడితే దాగి ఉన్న గోపురం పైకి లేస్తుంది. మనం బాగా ఆడేకొద్దీ ఆట గట్టి శత్రువులను దింపుతుంది. ఒక ప్రాంతంలో చాలా దూరం వచ్చాక ఓడ పేలిపోతే, తర్వాతి ప్రాంతం నుంచే మొదలుపెట్టనిస్తుంది. ఆటగాడి శ్రమను ఇంతగా గౌరవించిన ఆ రూపకర్తకు చేతులెత్తి మొక్కాలి.