ఆపమని చెప్పే పని

కొన్ని ఉద్యోగాలుంటాయి, బాగా చేసినవాడికే తిట్లు. పార్టికల్ యాక్సిలరేటర్‌లో బీమ్ లాస్, అంటే బీమ్‌లోంచి దారి తప్పి పోయే కణాలను, కనిపెట్టుకుని ఉండే పని అలాంటిదే. అంతా సవ్యంగా నడిచినన్నాళ్ళూ అలాంటి ఏర్పాటు ఒకటుందని ఎవరికీ గుర్తుండదు. అది నోరు విప్పిందంటే మాత్రం నడుస్తున్న ప్రయోగం ఠక్కున ఆగిపోతుంది. జెనీవా దగ్గరి ఎల్‌హెచ్‌సీ యాక్సిలరేటర్‌లో ఒకసారి బీమ్‌ని డంప్ చేశారంటే, అంటే రింగులోంచి బయటికి తోసేశారంటే, మళ్ళీ నింపి, ఎనర్జీ పెంచి, ఢీకొట్టించడం మొదలుపెట్టేసరికి గంటలు పడుతుంది. మెషీన్ ఏ స్థితిలో ఉందో చూపించే స్క్రీన్‌ని దాన్ని నడిపే సెర్న్ వాళ్ళు లోకానికంతటికీ తెరిచే ఉంచారు. రాత్రిళ్ళు దాన్ని చూస్తూ కూర్చునే అలవాటు నాకుంది. బీమ్ గీత నిదానంగా సాగుతూ సాగుతూ ఉన్నట్టుండి నిట్టనిలువునా కూలుతుంది. కొన్నిసార్లు ఆపరేటర్లే కావాలని ఆపుతారు. కాని గీత కూలగానే నాకు తట్టే ప్రశ్న ఒకటే: ఆపమన్నది ఎవరు?

27 కిలోమీటర్ల ఆ రింగులో ఒక్కో బీమ్ మోసే శక్తి డిజైన్ లెక్కన 362 మెగాజౌళ్ళు. చుట్టూ ఉన్న సూపర్‌కండక్టింగ్ మాగ్నెట్లేమో 1.9 కెల్విన్ చలిలో ఉంటాయి. దారి తప్పిన ప్రోటాన్లు పిసరంత వేడి పుట్టించినా చాలు, క్వెంచ్ అయి మామూలు తీగలైపోతాయి. అందుకే రింగు పొడవునా సుమారు 3,600 అయనైజేషన్ ఛాంబర్లు పెట్టారు. అర మీటరు పొడవున్న పసుప్పచ్చ గొట్టం, లోపల నైట్రోజన్, వరసగా అల్యూమినియం పలకలు, 1500 వోల్టులు. సరంజామా అంతే. పైపు గోడకు తగిలిన ప్రోటాన్ లేపే కణాల జల్లు గొట్టంలోంచి పోతూ కాస్త కరెంటు పుట్టిస్తుంది, దాన్ని కొలుస్తారు. అది హద్దు దాటితే బీమ్ డంప్.

ఢీకొన్నప్పుడు పుట్టే కణాలను పట్టే డిటెక్టర్ దగ్గరికొచ్చేసరికి ఈ లెక్క చెడుతుంది. అక్కడ బీమ్‌లు ఢీకొనడమే పని, కణాల జల్లు కురవడమే కావలసింది. ఆ జల్లులో ఏది మనం కోరి తెచ్చుకున్నది, ఏది ఎగువన ఎక్కడో బీమ్ గోడకు రాసుకోవడం వల్ల కొట్టుకొచ్చింది? జోరు చూసి చెప్పలేం. అట్లాస్ డిటెక్టర్ వాళ్ళు దీనికి పట్టిన ఉపాయం నాకెప్పుడూ ముచ్చటగానే ఉంటుంది. ఢీకొనే చోటికి అటూ ఇటూ 1.84 మీటర్ల దూరంలో, బీమ్‌కి ఐదున్నర సెంటీమీటర్ల ఎడంగా, నాలుగేసి వజ్రపు సెన్సర్లు అమర్చారు. మధ్యలో పుట్టిన కణాలు రెండు వైపులకూ ఒకేసారి, ఆరు నానోసెకన్లకు చేరతాయి. ఎగువ నుంచి వచ్చినవైతే దగ్గరి వైపు ముందు తగిలి, పన్నెండు నానోసెకన్లు దాటాక అవతలి వైపు తగులుతాయి. బీమ్‌లో ఒక ప్రోటాన్ల గుంపు (బంచ్) వెనక మరో బంచ్ 25 నానోసెకన్లకొకటి వస్తుంటుంది కాబట్టి, ఈ తేడా అందులో సగం దగ్గర పడేలా ఆ దూరాన్ని ఎంచుకున్నారు. రెండు గడియారాల ముళ్ళు చూసి దొంగని పట్టేశారన్నమాట!

వజ్రమంటే నగల కొట్టులోది కాదు, ల్యాబులో పెంచిన అర మిల్లీమీటరు మందం పలక. రేడియేషన్‌కి చప్పున చెడిపోదు, కూలింగ్ అడగదు, జవాబు వేగంగా ఇస్తుంది. డిటెక్టర్ వాళ్ళ ఈ వజ్రాలకు మెషీన్ మొత్తాన్ని ఆపించే హక్కు కూడా ఉంది. రింగు నడిపేవాళ్ళు ఒకరు, ఆపించగలిగేవాళ్ళు మరొకరు. ఈ పొత్తులో పేచీ రాకుండా ఎలా ఉంటుంది?

పేచీ అంతా హద్దు ఎక్కడ గీయాలన్న దగ్గరే. హద్దు మరీ కిందికి దించితే చీటికీమాటికీ డంప్. పైకి జరిపితే డిటెక్టర్‌కి ముప్పు. మన ఊళ్ళలో ఫ్యూజు మాటిమాటికీ పోతోందని లావు తీగ చుట్టేసి నిశ్చింతగా పడుకుంటారు చూడండి, ఆ ఆశ ఎంత చదువుకున్నవాళ్ళకైనా ఉంటుంది. ఎల్‌హెచ్‌సీలో అందుకే ఒక్క హద్దుతో సరిపెట్టలేదు. 40 మైక్రోసెకన్ల నుంచి 84 సెకన్ల దాకా పన్నెండు కాలవ్యవధుల్లో లాస్‌ని కూడుతూ, ఒక్కోదానికీ ఒక్కో హద్దు, అదీ బీమ్ ఎనర్జీని బట్టి మారేలా పెట్టారు. ఒక్క దెబ్బన వచ్చే ముప్పు వేరు, మెల్లగా కారుతూ పోయే ముప్పు వేరు.

ఇంతా చేసి, ఆపే టైమే లేకపోతే? జపాన్‌లోని త్సుకుబాలో సూపర్‌కెక్‌బి యాక్సిలరేటర్‌ది ఆ తంటానే. అక్కడి బెల్-2 డిటెక్టర్‌తో మనకు చుట్టరికం ఉంది. దాని సిలికాన్ ట్రాకర్‌లో ఒక పొర ముంబయి టీఐఎఫ్‌ఆర్ బృందం కూర్చింది, ఐఐటీ హైదరాబాద్ వాళ్ళూ ఆ ప్రయోగంలో ఉన్నారు. బీమ్‌కి 14 మిల్లీమీటర్ల దూరంలోనే పిక్సెల్ డిటెక్టర్ మొదటి పొర. కాపలాకి 28 వజ్రాలు, వాటిలో నాలుగింటికి అబార్ట్, అంటే బీమ్‌ని ఆపమని, అడిగే పని. ఆ రింగు చుట్టుకొలత 3 కిలోమీటర్లు, అంటే ఒక చుట్టుకి పది మైక్రోసెకన్లు. అక్కడ ముందస్తు సూచనేమీ లేకుండా ఒకటి రెండు చుట్లలోనే బీమ్‌లో పెద్ద భాగం చెదిరిపోవడం మొదలైంది. వజ్రం చూసి, కబురు కేబుల్లో కంట్రోల్ రూమ్‌కి చేరి, కిక్కర్ మాగ్నెట్ బీమ్‌ని బయటికి తన్నేలోపే జరగాల్సింది జరిగిపోతోంది. వజ్రాల కంటే ముందే అరిచే ప్లాస్టిక్ సింటిలేటర్లను కూడా అబార్ట్‌కి కలిపారు. అయినా 2024 మే నెలలో వచ్చిన పెద్ద లాసుల్లో పిక్సెల్ డిటెక్టర్ కొంత దెబ్బతింది. మిగిలినదాన్నైనా కాపాడుకుందామని దాన్ని ఆఫ్ చేసేశారు.

ఇక మిగిలిన దారి, ముందు ఎక్కడ మొదలైందో వెతకడం. రింగు చుట్టూ ఉన్న లాస్ మానిటర్లను ఒకే గడియారానికి కట్టి, మొదట ఏది అరిచిందో వెనక్కి లెక్కగట్టుకుంటూ వెళ్ళారు. పైపులు విప్పి చూస్తే కొన్ని జాయింట్ల దగ్గర లోపలివైపు నల్లటి మరకలు. వాక్యూమ్ లీకు కాకుండా పూసే సీలెంట్ అది. దాని రేణువులు బీమ్‌లో రాలడమే కారణమని గట్టి అనుమానం. అక్కడి నుంచి పని లాస్ మానిటర్ల వాళ్ళ చేతుల్లోంచి వాక్యూమ్ వాళ్ళ చేతుల్లోకి వెళ్ళింది.