జూరాల లెక్కతో పైథాన్

పైథాన్ ప్రోగ్రాములో మొదటి పని ఒక విలువకు పేరు పెట్టడం. పేరు ఎడమన ఉంటుంది, విలువ కుడిన, మధ్యలో సమానం గుర్తు. గణితంలో ఆ గుర్తు రెండు వైపులా ఒకటేనని చెబుతుంది. ఇక్కడ చెప్పేది వేరు: ముందు కుడివైపు లెక్క తేల్చు, వచ్చిన ఫలితానికి ఎడమవైపు పేరు తగిలించు. అందుకే గణితం మాస్టారు కొట్టిపారేసే ‘నిల్వ = నిల్వ + 4’ అనే వాక్యం పైథాన్‌లో రోజూ రాసేదే. పాత నిల్వకు నాలుగు కలిపి, ఆ మొత్తాన్ని మళ్లీ నిల్వ అని పిలవడం అంతే.

అలంపూర్ ప్రాంతంలో దీనికి ఉదాహరణ కోసం పాఠ్యపుస్తకం దాకా పోనక్కర్లేదు. వానాకాలంలో పత్రిక జిల్లా పేజీ తిరగేస్తే చాలు: జూరాల ఔట్‌ఫ్లో ఇన్ని వేల క్యూసెక్కులు, సుంకేశుల నుంచి ఇంత, శ్రీశైలం నిల్వ ఇన్ని టీఎంసీలు. కృష్ణ జూరాల మీదుగా, తుంగభద్ర సుంకేశుల మీదుగా వచ్చి అలంపూర్ దగ్గర కలుస్తాయి. ఆ దిగువన ఉన్నది శ్రీశైలం జలాశయమే. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీటి ప్రవాహం, టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నీరు. ప్రవాహం తెలిస్తే రోజుకు ఎంత నీరు చేరుతుందో మూడు వరసల్లో తేలుతుంది:

ప్రవాహం = 50000
సెకన్లు = 86400
నీరు = ప్రవాహం * సెకన్లు / 1000000000

జవాబు 4.32 టీఎంసీలు. పైన ఉన్నది అర్థం కావడానికి రాసిన నమూనా కాదు, ఉన్నదున్నట్టుగా నడిచే పైథాన్. 2008 డిసెంబరులో విడుదలైన మూడో వెర్షన్ నుంచి పేర్లు తెలుగు లిపిలోనూ పెట్టుకోవచ్చు. ఇఫ్, ఫర్, డెఫ్ లాంటి 35 మాటలను మాత్రం భాష తనకే కేటాయించుకుంది, అవి ఇంగ్లిషు అక్షరాల్లోనే ఉండాలి. ఉద్యోగంలో ఎవరూ తెలుగు పేర్లతో కోడ్ రాయరు, రాయమని అడగరు కూడా. కానీ మొదటి రెండు మూడు వారాలు ఇలా రాయించడం మంచిదే. ఏది భాష సొత్తో, ఏది రాసేవాడి ఇష్టమో ఒక్క చూపులో తెలిసిపోతుంది. అంతా ఇంగ్లిషులో ఉన్నప్పుడు కొత్త విద్యార్థి రెండింటినీ కలిపి బట్టీ పడతాడు.

తెలుగు పేర్లతో ఒక చిక్కు లేకపోలేదు. ‘ఇన్‌ఫ్లో’ అని టైపు చేసేటప్పుడు ‘న్’ పొల్లు తర్వాతి అక్షరంతో ఒత్తుగా కలిసిపోకుండా మధ్యలో కంటికి కనపడని ఒక గుర్తు పెడతారు. పేరులో ఆ గుర్తును పైథాన్ ఒప్పుకోదు. తెర మీద తప్పేమీ కనపడదు, ప్రోగ్రాము మాత్రం మొదటి వరసలోనే ఆగుతుంది. ప్రవాహం, నిల్వ, మట్టం లాంటి మాటలకు ఈ బాధ లేదు.

జేఎన్టీయూ హైదరాబాద్ ఆర్22 సిలబస్‌లో బీటెక్ మొదటి ఏడాదే సి భాషా, పైథాన్ ల్యాబూ రెండూ ఎదురయ్యేవి. ఈ మూడు వరసల లెక్కే రెండింటి మధ్య తేడా చూపిస్తుంది. 50,000ను 86,400తో గుణిస్తే 432 కోట్లు. సి లో మామూలు 32 బిట్ల పూర్ణాంకం 214 కోట్ల పైచిలుకు దగ్గరే నిండిపోతుంది. అది దాటితే చాలా కంప్యూటర్లలో చివరికి మిగిలేది 2,50,32,704, అంటే 0.025 టీఎంసీ. నాలుగు టీఎంసీల వరద కాగితం మీద మాయమైపోయిందన్నమాట. పైథాన్ పూర్ణాంకానికి ఆ హద్దు లేదు, అంకెలు పెరిగే కొద్దీ చోటు తనే పెంచుకుంటుంది. ఇలాంటి సౌకర్యాలకు బదులుగా వేగం తగ్గుతుంది. మొదటి ఏడాది ల్యాబ్‌లో ఆ తేడా ఎవరి కంటా పడదు.

ప్రవాహం దగ్గర 25 లక్షలు పెట్టి అదే ప్రోగ్రామును మళ్లీ నడిపితే 216.0 వస్తుంది. 2009 అక్టోబరు వరదలో, అలంపూర్, కర్నూలు నీట మునిగిన రోజుల్లో, శ్రీశైలానికి గరిష్ఠంగా వచ్చిన ప్రవాహం సుమారు అంతే. శ్రీశైలం పూర్తి నిల్వ సామర్థ్యం 215.807 టీఎంసీలు. అదే ఉధృతి రోజంతా నిలిచి ఉంటే, ఖాళీ జలాశయం ఒక్క రోజులో నిండిపోయేది. ఒక అంకె మార్చి చూడటం ఎందుకో ఇలాంటి చోట తెలుస్తుంది.

ప్రతి విలువకూ ఒక రకం ఉంటుంది. 50000 పూర్ణాంకం, 4.32 దశాంశ సంఖ్య, కొటేషన్ గుర్తుల మధ్య ఉన్నది ఏదైనా పాఠ్యం, అవును కాదు అని చెప్పేవి ట్రూ, ఫాల్స్. భాగహారం ఎప్పుడూ దశాంశ సంఖ్యనే ఇస్తుంది, అందుకే 216 పక్కన ఆ .0 వచ్చింది. రెండో వెర్షన్‌లో 7 / 2 అంటే 3. ఇప్పుడు 3.5, శేషం వదిలేసిన 3 కావాలంటే రెండు గీతలు గీయాలి.

కొత్తవాళ్లు ఎక్కువగా తప్పటడుగు వేసేది రకాల దగ్గరే. కీబోర్డు నుంచి అంకె తీసుకునే ఇన్‌పుట్ ఆదేశం ఎప్పుడూ పాఠ్యాన్నే తెచ్చి ఇస్తుంది. జూరాల నుంచి 50000, సుంకేశుల నుంచి 30000 అని టైపు చేసి రెండింటినీ కూడితే 80000 రాదు. పాఠ్యానికి కూడిక అంటే పక్కపక్కన అతికించడం కాబట్టి 5000030000 వస్తుంది. పైథాన్ నోరెత్తదు. ముందుగా ఇంట్ అనే ఆదేశంతో ఆ పాఠ్యాన్ని సంఖ్యగా మార్చుకోవాలి. ఇంట్‌కు ‘౫౦౦౦౦’ అని తెలుగు అంకెల పాఠ్యం ఇచ్చినా 50000గా చదువుకుంటుంది. ఈ సంగతి చాలామంది అధ్యాపకులకూ తెలియదు. ‘50,000’ అని కామాతో ఇస్తే మాత్రం ఒప్పుకోదు.

కామా కథ అక్కడితో అయిపోదు. పత్రికలో చూసినట్టే ‘ప్రవాహం = 1,25,000’ అని నేరుగా కోడ్‌లో రాస్తే ఏ ఫిర్యాదూ రాదు. పైథాన్ దాన్ని లక్షా పాతిక వేలుగా చదవదు. 1, 25, 0 అనే మూడు విలువల కట్టగా దాచుకుంటుంది. దాన్ని 86,400తో గుణిస్తే ఆ కట్ట అన్నిసార్లు పునరావృతమై 2,59,200 విలువల కట్ట తయారవుతుంది. వంద కోట్లతో భాగించబోయినప్పుడు గానీ టైప్ ఎర్రర్ రాదు. తప్పు మొదటి వరసలో ఉంటే ఫిర్యాదు మూడో వరస మీద. అంకెలు విడగొట్టి చూసుకోవాలంటే కామా బదులు కింది గీత వాడాలి: 1_25_000. అది మన లెక్కకూ సరిపోతుంది.

పాఠ్యం పొడవు చెప్పే లెన్ ఆదేశానికి ‘జోగులాంబ’ ఇస్తే 8 అంటుంది. బడిలో నేర్చుకున్న లెక్కలో జో, గు, లాం, బ నాలుగే అక్షరాలు. ఓత్వం, కొమ్ము, దీర్ఘం, సున్న కంప్యూటరుకు వేర్వేరు సంకేతాలు, వాటినీ హల్లులతో సమానంగా లెక్కపెడుతుంది. తెలుగు పేర్లున్న జాబితాలతో పనిచేసే వాళ్లు ఇది మొదటే గుర్తుంచుకోవాలి.

విలువలను వరసగా దాచే పట్టీల దగ్గర లెక్క సున్నాతో మొదలవుతుంది. అలంపూర్ నవబ్రహ్మ ఆలయాలను తారక, స్వర్గ, పద్మ, బాల, గరుడ, కుమార, అర్క, వీర, విశ్వ అని వరసగా పట్టీలో పెడితే తారకబ్రహ్మది 0వ స్థానం, విశ్వబ్రహ్మది 8వ స్థానం. 9వది అడిగితే ఇండెక్స్ ఎర్రర్. చివరిది ఏదని అడగడానికి -1 రాస్తే సరి. వరస ముఖ్యం కాక పేరుతో వెతుక్కోవలసి వస్తే డిక్షనరీ ఉంది. జూరాల అంటే 9.657, శ్రీశైలం అంటే 215.807 అని జతలుగా దాచుకోవచ్చు.

నిర్ణయానికి ఇఫ్, పునరావృతానికి ఫర్, వైల్. వీటి కింద ఏయే వాక్యాలు వస్తాయో చెప్పడానికి సి లో మీసాల బ్రాకెట్లు ఉంటాయి. పైథాన్‌లో ఎడమవైపు వదిలిన ఖాళీయే ఆ పని చేస్తుంది, ఆనవాయితీగా నాలుగు ఖాళీలు. నెదర్లాండ్స్‌కు చెందిన గీడో వాన్ రోసమ్ ఆమ్‌స్టర్‌డామ్‌లోని సీడబ్ల్యూఐ పరిశోధన సంస్థలో 1989 చివర ఈ భాషను మొదలుపెట్టాడు, 1991లో విడుదల చేశాడు. అంతకుముందు అక్కడే తాను పనిచేసిన ఏబీసీ అనే బోధనా భాష నుంచి ఈ పద్ధతి తెచ్చుకున్నాడు. ఖాళీని అందం కోసం అనుకునే వాళ్లకు ఇది మొదట్లో విసుగు తెప్పిస్తుంది. వారం రోజుల ప్రవాహాలను కూడే ఫర్ లూప్‌లో ‘మొత్తం = 0’ అనే వాక్యాన్ని పొరపాటున లోపలికి జరిపితే, ప్రతి రోజూ మొత్తం మళ్లీ సున్నాకు వస్తుంది, చివరికి మిగిలేది ఏడో రోజు ప్రవాహం ఒక్కటే. నాలుగు ఖాళీల తేడా అంత పని చేస్తుంది.

ఎన్నిసార్లు తిరగాలో ముందే తెలిస్తే ఫర్, తెలియకపోతే వైల్. శ్రీశైలంలో 100 టీఎంసీలు ఉన్నాయి, రోజుకు 4.32 చేరుతోంది, దిగువకు ఏమీ వదలడం లేదు, ఎన్ని రోజులకు నిండుతుంది? నిల్వ 215.807 కన్నా తక్కువ ఉన్నంతసేపు నిల్వ పెంచుతూ, రోజులు ఒకటి కలుపుతూ పోవాలి. జవాబు 27. నిల్వ పెంచే వాక్యం మరిచిపోతే ప్రోగ్రాము ఎప్పటికీ ఆగదు, కంట్రోల్, సి మీటలు కలిపి నొక్కి ఆపాలి.

పోలికల్లో దశాంశ సంఖ్యలతో జాగ్రత్త అవసరం. రోజుకు 0.1 మీటరు చొప్పున మూడు రోజులు మట్టం పెరిగితే, పెరిగినది 0.3కు సమానమా అని అడిగితే పైథాన్ కాదంటుంది. కంప్యూటరు ద్విసంఖ్యల్లో 0.1 సరిగ్గా ఇమడదు, కూడిక 0.30000000000000004 దగ్గర తేలుతుంది. ఇది పైథాన్ లోపం కాదు, సి లోనూ ఇంతే. సమానమా అని కాకుండా, తేడా ఇంతకన్నా తక్కువా అని అడగాలి.

ఎర్రర్ వచ్చినప్పుడు సందేశాన్ని కింది నుంచి చదవాలి. ఆఖరి వరసలో ఎర్రర్ రకం, కారణం ఉంటాయి, దాని పైన ఏ వరసలో ఆగిందో ఉంటుంది. విద్యార్థులు భయపడేది వీటికే గానీ, నిజానికి ఇవి మేలు చేసేవి. ఏ ఎర్రరూ రాకుండా తప్పు జవాబు ఇచ్చే ప్రోగ్రాముతోనే ప్రమాదం. జూరాల పూర్తిస్థాయి నీటిమట్టం 318.516, శ్రీశైలంది 885. ఏది ఎత్తున ఉందని ఇఫ్‌తో అడిగితే పైథాన్ తడుముకోకుండా శ్రీశైలం అంటుంది. అదే నిజమైతే కృష్ణ ఎదురు పారాలి. పొరపాటు ఎక్కడంటే, జూరాల మట్టాన్ని మీటర్లలో, శ్రీశైలం మట్టాన్ని అడుగుల్లో ప్రకటిస్తారు. రెండూ దశాంశ సంఖ్యలుగా ఉంటే రకం కలిసినట్టే. ప్రమాణం సంగతి పైథాన్‌కు పట్టదు. అది రాసేవాడికి తెలియాలి, తెలిసినది పేరులో కనపడాలి: మట్టం అని కాకుండా మట్టం_మీటర్లు, మట్టం_అడుగులు.

ఒకే మార్పిడి పదిచోట్ల అవసరమైతే దాన్ని డెఫ్‌తో ఒక ఫంక్షన్‌గా రాసి పెట్టుకుంటారు. మీటర్లు తీసుకుని, 3.28084తో గుణించి, అడుగులను రిటర్న్ చేసే ఫంక్షన్ రెండు వరసలకు మించదు. రిటర్న్ బదులు ప్రింట్ రాస్తే తెర మీద అంకె కనపడుతుంది, కానీ ఫంక్షన్‌ను పిలిచిన చోటికి నన్ తప్ప ఏమీ చేరదు. ల్యాబ్ పరీక్షల్లో సర్వసాధారణంగా కనిపించే తప్పు ఇది. సరిగా రాసిన ఫంక్షన్‌కు 318.516 ఇస్తే సుమారు 1045 అడుగులు వస్తాయి, జూరాల శ్రీశైలం కన్నా 160 అడుగుల ఎత్తున తేలుతుంది.