అంకె మీద అంకె

1798 నాటి అమెరికా రాగి సెంట్లు కొన్నింటిని భూతద్దం కింద పెట్టి, వెలుతురు పక్కవాటుగా పడేలా చూస్తే చివరి ఎనిమిది వెనక నుంచి ఏడు తొంగిచూస్తుంది. ఫిలడెల్ఫియా టంకశాలలో అప్పట్లో ఒక ఉక్కు అచ్చు తయారు కావాలంటే బోలెడు చేతిపని. ఏడాది మారిందని పనికొచ్చే అచ్చును పారెయ్యడానికి మనసొప్పక, పాత అంకె మీదే కొత్త అంకె కొట్టి వాడేసేవారు. వీటినే ఓవర్‌డేట్లు అంటాం. ఆ పొదుపు మా బోటి వాళ్ల జేబులకు చిల్లు పెడుతుందని వాళ్లేం కలగన్నారు!

నాకు అన్నిటికంటే ముచ్చటైనది 1800 సెంటు. కొన్ని అచ్చుల మీద 1798 అని పూర్తిగా ఉన్నదాన్నే దిద్దారు. ఇంకొన్నింటి మీద 179 అని మూడంకెలే ముందుగా కొట్టి ఉంచారు. అవి వాడకంలోకి వచ్చేసరికి పదిహేడు వందలే వెళ్లిపోయాయి. ఇక ఏడు మీద ఎనిమిది, తొమ్మిది మీద సున్నా కొట్టి, ఖాళీలో ఇంకో సున్నా పెట్టారు.

అయితే అంకె ఒక్కదాన్నే నమ్ముకుంటే దెబ్బ తింటాం. అరిగిన రాగి మీద గీత, అచ్చు పగులు, చిలుము మచ్చ, ఏదైనా పాత అంకెలాగే కనబడుతుంది. మిగతా నాణెం కూడా సాక్ష్యం చెప్పాలి. 1839లో ఆరు మీద తొమ్మిది కొట్టిన సెంటునే తీసుకోండి. అది 1836 నాటి అచ్చు కాబట్టి లిబర్టీ దేవి జుట్టుకు కట్టిన తాడు నున్నగా ఉంటుంది. ఆ ఏటి మిగతా సెంట్ల మీద తాడుకు పూసలుంటాయి. తొమ్మిది కింద ఎంత సొంపైన ఆరు కనబడినా సరే, పూసలుంటే నాణెం తిరిగి బల్ల మీద పెట్టెయ్యడమే. 1814 దాకా వచ్చిన సెంట్లకు విలియం షెల్డన్, 1816 నుంచి 1857 దాకా వచ్చినవాటికి హోవార్డ్ న్యూకోంబ్ అచ్చుల జతలవారీగా నంబర్లు వేసిపెట్టారు. ఆ నంబరు తేలాకే బేరం. 1844లో ‘81 మీద 44’ అని పేరుపడ్డది అసలు ఓవర్‌డేటే కాదు, తేదీని మొదట తలకిందులుగా కొట్టి తర్వాత సరిచేసుకున్నారంతే.

ధర సంగతి ఇంకో తిరకాసు. దిద్దిందల్లా అరుదు కాదు. 1823లో రెండు మీద మూడు కొట్టిన సెంటే తేలిగ్గా దొరుకుతుంది, ఏ దిద్దుబాటూ లేనిదే కష్టం. 1807లో ఆరు మీద పెద్ద ఏడు మామూలే, చిన్న ఏడు కనబడితే వదలకూడదు. 1799 సెంటన్నది ఏ రకమైనా ఖరీదే. అందుకే 1798లోని ఎనిమిదిని గీకి తొమ్మిది చేసిన దొంగ సరుకూ తిరుగుతుంటుంది. అక్కడ వెనక వైపు ఆకులు, అక్షరాలు కూడా సరిపోల్చకుండా డబ్బు తీయకండి.

అంకె తేలినా చివరి మాట రాగిదే. తొమ్మిది మీద పది కొట్టిన 1810 సెంటు గుంటలు పడి స్ఫుటంగా ఉన్నదీ, కాస్త అరిగి నున్నటి గోధుమ రంగులో ఉన్నదీ ఎదురైతే నేను రెండోదే కొంటాను. రాగి చెంబును తోమినట్టు తోమి మెరిపిస్తే సగానికి సగం విలువ పోతుంది. దయచేసి పాత సెంటు దగ్గరికి చింతపండును రానివ్వకండి.