‘ద రెడ్ షూస్’: మూడు పట్టీల మీద నిలిచిన నృత్యం

మైకేల్ పావెల్, ఎమెరిక్ ప్రెస్‌బర్గర్ కలిసి నిర్మించి దర్శకత్వం వహించిన బ్రిటిష్ చిత్రం ‘ద రెడ్ షూస్’ (1948)లో సుమారు 17 నిమిషాల పాటు సాగే బాలే ఘట్టం, రంగస్థల ప్రదర్శనను కెమెరా ముందు పెట్టి నమోదు చేసినది కాదు. కెమెరా కోసమే కూర్చిన నృత్యం. హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ కథలో వలెనే ఇక్కడా ఎర్ర బూట్లు తొడుక్కున్న అమ్మాయిని అవి ఆగనివ్వవు. ఆ పాత్రను సాడ్లర్స్ వెల్స్ బృందపు నర్తకి మొయిరా షియరర్ ధరించగా, రాబర్ట్ హెల్ప్‌మన్ నృత్య రచన చేశాడు. బూట్లు కుట్టేవాడి పాత్రకు మాత్రం లియొనీద్ మస్సీన్ తన అడుగులను తానే కూర్చుకున్నాడు.

గాలికి ఎగిరే వార్తాపత్రిక మనిషిగా మారి ఆమెతో ఆడటం, ప్రేక్షకుల ప్రాంగణం సముద్రమై అలలెత్తడం ఏ రంగస్థలానికీ సాధ్యం కానివి. అంతకంటె సూక్ష్మమైన నేర్పు ఛాయాగ్రాహకుడు జాక్ కార్డిఫ్‌ది. నర్తకులు గాలిలోకి లేచి గెంతు శిఖరాన్ని చేరే క్షణంలో అతడు కెమెరా వేగాన్ని పెంచేవాడు. అలా తీసిన చిత్రాన్ని మామూలు వేగంతో ప్రదర్శించినప్పుడు కదలిక నెమ్మదించి, దేహం ఒక్క లిప్త గాలిలో నిలిచినట్లు కనిపిస్తుంది. కంటికి మోసం తెలియనంత తక్కువ మోతాదులో దీన్ని వాడటం వల్లనే అది నృత్యంలో భాగమైంది.

చిత్రానికి ప్రాణమైన ఆ ఎరుపును అర్థం చేసుకోవాలంటే టెక్నికలర్ పద్ధతి తెలియాలి. కటకం వెనుక ఉండే పట్టకం, అంటే కాంతిని చీల్చే గాజు దిమ్మ, దృశ్యాన్ని విడదీసి మూడు ఫిల్ము పట్టీల మీదికి పంపుతుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాంతులకు విడివిడిగా ఏర్పడే ఈ మూడూ నలుపు తెలుపు నెగటివ్‌లే. ప్రింటు తీసేటప్పుడు, బందరు కలంకారీలో ఒక్కో రంగుకు ఒక్కో అచ్చును వాడినట్లు, సయాన్ అనే ఆకుపచ్చ నీలాన్ని, మెజెంటా అనే ముదురు గులాబీని, పసుపును ఒకదాని మీద ఒకటి అద్దేవారు. నెగటివ్‌లో అసలు రంగే లేదు కనుక వెలిసిపోవడానికి ఏమీ లేదు. తర్వాతి కాలపు రంగు ఫిల్ములు అనేకం పాలిపోయినా ఈ పట్టీలు మిగలడానికి కారణం అదే.

అయితే వాటికి వేరే శత్రువులున్నాయి. పట్టీలు ఒకదానితో ఒకటి సరిపోలకుండా కుంచించుకుపోవడంతో రూపాల అంచుల వెంట రంగు గీతలు ఏర్పడ్డాయి. బూజు పట్టిన చోట్ల మచ్చలు పడ్డాయి. యూసీఎల్‌ఏ ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఆర్కైవ్, మార్టిన్ స్కోర్సెసీ స్థాపించిన ఫిల్మ్ ఫౌండేషన్‌తోనూ ఇతర సంస్థలతోనూ కలిసి ఆ నెగటివ్‌లను డిజిటల్ పద్ధతిలో స్కాన్ చేసి పునరుద్ధరించింది. 134 నిమిషాల చిత్రానికి మూడు పట్టీలంటే దాదాపు 5 లక్షల 79 వేల ఫ్రేములు; వాటిని మూడేసి చొప్పున మళ్లీ కచ్చితంగా ఒకదాని మీద ఒకటి కూర్చి, మచ్చలు తొలగించాలి. ఆ ప్రతి 2009లో కాన్ చలనచిత్రోత్సవంలో ప్రదర్శితమైంది. ఫిల్ముకు సహజమైన రేణువును తుడిచివేసి ముఖాలను మైనపు బొమ్మలుగా మార్చే ప్రలోభానికి లొంగకపోవడం ఈ పునరుద్ధరణలో మెచ్చదగిన విషయం.

బ్లూరేగా, ఆ తర్వాత 4కె డిస్కుగా వచ్చిన ఈ ప్రతిని ఇంట్లో చూసేవారు టీవీలో రెండు అమరికలను సరిచూసుకోవడం అవసరం. చిత్రం దాదాపు చదరానికి దగ్గరైన 1.37:1 నిష్పత్తిలో తీసినది కాబట్టి, తెరకు ఇరువైపులా మిగిలే నల్లని ఖాళీని నింపడానికి దృశ్యాన్ని సాగదీస్తే నర్తకుల దేహరేఖ చెడిపోతుంది. మోషన్ స్మూతింగ్, అంటే ఫ్రేముల మధ్య లేని ఫ్రేములను కల్పించి చేర్చే సదుపాయం, ఇంకా ఎక్కువ హాని చేస్తుంది. కార్డిఫ్ వేగపు మార్పులతో కొలిచి కూర్చిన కదలికను అది ఒకే నునుపుకు తెస్తుంది గనుక దాన్ని తప్పక ఆపివేయాలి.