పట్టుకొచ్చిన ట్యాంకు, రాయని పేర్లు

యుద్ధంలో శత్రువు దగ్గర గుంజుకున్న ఆయుధాన్ని తీసుకొచ్చి వూరి నడిబొడ్డున దిమ్మె కట్టి నిలబెట్టటం ప్రపంచమంతా వున్న అలవాటే. దాన్ని స్మారక చిహ్నం అంటారు. పిల్లలు దానిమీదెక్కి ఆడుకుంటారు, ఆగస్టు పదిహేనుకి సున్నం వేస్తారు. దాన్ని గురించి విమర్శ రాయటమేంటని మిత్రులు కొందరు మమ్మల్ని అడిగారు. వూరి నడిబొడ్డు యెవరిది అనే ప్రశ్న మనకు చిన్నప్పట్నించీ తెలిసినదే గనుక రాస్తున్నాం. అంబేద్కర్ విగ్రహం పెడతామంటే రోడ్డు ఇరుకవుతుందనీ, ట్రాఫిక్కు అడ్డమనీ, అనుమతి లేదనీ అంటారు. నలభై టన్నులపైన వున్న శత్రువు ట్యాంకుకి మాత్రం యే కూడలీ ఇరుకు కాదు.

మన దేశంలో యీ రకం స్మారకాలకు పెద్ద వుదాహరణ పాటన్ ట్యాంకులు. 1965 సెప్టెంబరులో పంజాబులోని ఖేమ్‌కరణ్ దగ్గర, అసల్ ఉత్తర్ అనే వూరి పొలాల్లో, పాకిస్తాన్ సైన్యం సుమారు 97 ట్యాంకుల్ని పోగొట్టుకుంది. వాటిలో యెక్కువ అమెరికా ఇచ్చిన పాటన్లు. పట్టుబడినవాటిని భిఖీవిండ్ దగ్గర వరసగా నిలబెట్టి జనానికి చూపించారు. ఆ చోటికి పాటన్ నగర్ అని పేరొచ్చింది. తర్వాత అవి కంటోన్మెంట్లకూ పట్టణాలకూ విజయచిహ్నాలుగా చేరాయి.

యీ పేరు దగ్గర కాస్త ఆగాలి. పాటన్ అనేది రెండో ప్రపంచ యుద్ధంలో పోరాడిన వొక అమెరికన్ జనరల్ పేరు. అంటే గెలిచింది మనవాళ్లు, వోడింది పాకిస్తాన్, పేరు నిలబడింది అమెరికా జనరల్‌ది! ఆ ట్యాంకుల్ని బద్దలుకొట్టినవాళ్ల చేతుల్లో వున్న 106 మిల్లీమీటర్ల తుపాకీ కూడా అమెరికన్ రకమే. రెండు వైపులా సరుకు వొకే దుకాణంది. దిమ్మె మీది ఫలకం యీ సంగతి చెప్పదు. చెబితే చూసేవాళ్లకు వేరే ప్రశ్నలు పుడతాయి.

ఆ యుద్ధంలో జీపుమీంచి ట్యాంకుల్ని కొట్టి సెప్టెంబరు 10న చనిపోయిన అబ్దుల్ హమీద్ గురించి పాఠ్యపుస్తకాల్లో చదువుకున్నాం. ఉత్తరప్రదేశ్‌లోని గాజీపూర్ జిల్లా ధాముపూర్ ఆయన వూరు, బట్టలు కుట్టే కుటుంబం. ఆయనకు పరమవీరచక్ర వచ్చింది, అసల్ ఉత్తర్‌లో స్మారకమూ వుంది. అది న్యాయమే. అయితే వొక్క పేరుని పైకెత్తి, దానికింద వందల పేర్లని కప్పేయటం కూడా యీ స్మారకాల పద్ధతే. పైగా దర్జీ కులంలో పుట్టిన ముస్లింని ముస్లిముల దేశభక్తికి సర్టిఫికెట్‌గా వాడుకుంటారు తప్ప, చేతివృత్తుల కులాలు సైన్యంలో యెక్కడ వున్నాయి, యే పనుల్లో వున్నాయి అని అడగరు. మా దృష్టిలో ఆయనకు జరిగిన రెండో అన్యాయం అదే.

ఇంకో సంగతి. పాటన్లు పెద్ద యంత్రాలు, బురదలో కదల్లేవు. మనవాళ్లు కాలవలకు గండికొట్టి పొలాల్లోకి నీళ్లు వదిలారు, చెరుకు తోటల్లో తుపాకులు దాచారు. ట్యాంకులు అక్కడ కూరుకుపోయాయి. సైనిక చరిత్రలన్నీ దీన్ని జనరల్‌ల తెలివిగా రాస్తాయి. తెలివే, కాదనం. కానీ చెరుకు దానంతటది యెదగదు గదా! 2011 జనాభా లెక్కల్లో పంజాబులో దళితులు 31.9 శాతం, దేశంలో యే రాష్ట్రంలోనూ అంత నిష్పత్తి లేదు. సాగుభూమిలో వాళ్ల వాటా మాత్రం చాలా తక్కువ. ఆ పొలాల్లో చెరుకు నాటేది, నరికేది, మోసేది యెక్కువగా మజ్హబీ కూలీలు. ట్యాంకుని ఆపిన భూమిలో వాళ్ల చెమట వుంది, వాళ్ల పేరు మీద ఆ భూమి లేదు. ట్యాంకు పక్కన యీ ముక్క రాయటానికి యే ఫలకమైనా సరిపోతుంది.

ఇది మన దేశపు జబ్బే అనుకుంటే పొరపాటు. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక ఆస్ట్రేలియా ప్రభుత్వం జర్మన్ల దగ్గర పట్టుకున్న ఆయుధాల్ని వోడల్లో తెచ్చి, 1920ల మొదట్లో వూళ్లకు పంచిపెట్టింది. పంపకం జనాభా లెక్కన జరిగింది: పెద్ద వూరికి ఫిరంగి, చిన్న వూరికి మెషీన్ గన్. రేషన్ సరుకులాగా! మాకు తక్కువొచ్చిందని పేచీపడ్డ వూళ్లు కూడా వున్నాయి. అదే యుద్ధంలో ఆ దేశపు ఆదివాసులు సుమారు వెయ్యిమంది పోరాడారు. యూరప్ సంతతి కానివాళ్లకు సైన్యంలో చోటులేదని చట్టం అంటుంటే, పుట్టుక దాచుకుని చేరినవాళ్లు వాళ్లలో చాలామంది. తిరిగొచ్చిన సైనికులకు భూములిచ్చే పథకం వొకటి పెట్టారు. ఆదివాసీ సైనికుల్లో అతికొద్దిమందికి తప్ప ఆ భూమి దక్కలేదు. జర్మన్ ఫిరంగికి వూళ్లో చోటు దొరికింది, దాన్ని పట్టుకురావటానికి వెళ్లినవాడికి దొరకలేదు. యిది చదివినప్పుడు మాకు పరాయి కథలా అనిపించలేదు.

మరి మనకు స్మారకాలు లేవా అంటే, భీమా కోరేగాఁవ్ స్తంభం వుంది. 1818 జనవరి 1న పేష్వా సైన్యంతో జరిగిన పోరుకి గుర్తు. దానిమీద చెక్కిన 49 పేర్లలో 22 మహర్లవి. 1927 జనవరి 1న అంబేద్కర్ అక్కడికి వెళ్లారు. ఆయన తండ్రి రాంజీ సుబేదారు గనుక సైన్యంలో చదువు, జీతం, బూట్లు మహర్‌కి యేమిచ్చాయో ఆయనకు యింట్లోనే తెలుసు. అక్కడ ఫిరంగిని గాక పేర్లని చూడటానికి జనం వెళతారు, తేడా అదే. కానీ ఆ స్తంభం కట్టింది కంపెనీ అన్న సంగతిని మనవాళ్లు కూడా తేలిగ్గా దాటేస్తున్నారు. పేర్లు చెక్కిన ఆ దొరతనమే 1890ల మొదట్లో మహర్లను సైన్యంలో చేర్చుకోవటం ఆపేసింది, వాళ్లు యుద్ధజాతి కాదంది. మళ్లీ అవసరం పడ్డాక 1941లో మహర్ రెజిమెంటు, 1943లో చమార్ రెజిమెంటు వచ్చాయి. చమార్ రెజిమెంటుని 1946లో రద్దుచేశారు. రాతి మీద పేరున్నంత మాత్రాన జీతపు పట్టీలో పేరు వుంటుందని లేదు.

స్మారకాన్ని యింకోలా చూడొచ్చని యీ మధ్య మన విశాఖ తీరమే చూపించింది. 1971 డిసెంబరులో అక్కడ మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీలో 93 మంది చనిపోయారు. దాని శకలాన్ని గుర్తించామనీ, చనిపోయినవాళ్ల మీద గౌరవంతో ముట్టుకోలేదనీ 2024లో మన నౌకాదళ అధికారులు చెప్పారు. శత్రువు శవాలకిచ్చిన ఆ మర్యాద మంచిదే. దాన్ని మెచ్చుకోవటానికి మాకు అభ్యంతరం లేదు.

ఆ మర్యాద వూరిదాకా యెందుకు రాదు అన్నదే మా ప్రశ్న. 1991 ఆగస్టు 6న చుండూరులో యెనిమిదిమంది దళితుల్ని నరికి కాలవలో పడేశారు. వాళ్లని శ్మశానానికి మోసుకుపోకుండా వాడ నడుమనే పాతిపెట్టి, ఆ చోటుని రక్తక్షేత్రం అన్నాం. మనంతట మనం కట్టుకున్న స్మారకం అది. నరికిన గొడ్డళ్లూ బరిసెలూ కూడా యెదుటివాడి ఆయుధాలే, కానీ మనకి యుద్ధంలో పట్టుబడ్డ ఆయుధం వుండదు. కోర్టుకి పోయిన వస్తువు వుంటుంది, దానికి నంబరు వేస్తారు, గోనెసంచిలో కట్టి మూల పెడతారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ విడుదల చేసింది. అంటే యెనిమిది శవాలున్నాయి, చంపినవాళ్లు లేరు, ఆయుధాలెవరివో తెలియదు!

మీ పట్టణంలో ట్యాంకో ఫిరంగో వుంటే వెళ్లి దాని ఫలకం చదవండి. యెక్కడిది, యెవరిచ్చారు, యెవరు ఆవిష్కరించారు అనే వివరాలు వుంటాయి. మంత్రిగారి పేరు తప్పకుండా వుంటుంది. దాన్ని పట్టుకున్న పటాలంలో యే వూళ్ల పిల్లలున్నారో, వాళ్లు యే వాడలకు తిరిగొచ్చారో రాసి వుందేమో చూసి, లేకపోతే యెందుకు లేదో ఆ ఫలకం వేయించినవాళ్లని అడగండి.